కిటికీ అద్దము - రెండు అంకెలు

కిటికీకి అద్దము కొనువారు ముందుగా దాని గుణముల పట్టికను అడిగి తీసికొనవలెను. అందు రెండంకెలు ముఖ్యమైనవి. లోపలికిని వెలుపలికిని ఒక్క డిగ్రీ భేదమున్నప్పుడు చదరపు మీటరు అద్దము గుండా ఎన్ని వాట్ల వేడి దాటునో యు-విలువ తెలుపును. సాదా ఒంటి అద్దమునకది సుమారు 5.8, నడుమ గాలి నిలిపిన జంట అద్దమునకు 2.8. రెండవది సౌరతాప గుణకము, ఎస్.హెచ్.జి.సి. అని అచ్చువేయుదురు. అద్దముపై బడిన ఎండవేడిలో ఎన్నవ వంతు లోనికి వచ్చునో ఇది చెప్పును. సాదా అద్దమునకు 0.8 పైచిలుకు.

చలిదేశములవారికి మొదటి అంకె ప్రాణము. రెంటచింతల, రామగుండము వేసవిలో మనకు రెండవదియే ప్రధానము. లెక్క చూడుడు. వెలుపల 42 డిగ్రీలు, చల్లబరచిన గదిలో 26 అనుకొందము. ఆ భేదమువలన సాదా అద్దము దాటునది చదరపు మీటరునకు 90 వాట్లకు కొంచెము పైన. పడమటి ఎండ అంతటి అద్దముపైననే 500 వాట్లు పడినచో, లోనికి 400 వచ్చును! జంట అద్దము మొదటి వేడిని సగము చేయును గాని, సాదా రకమైనచో రెండవదానిని స్వల్పముగనే తగ్గించును. ధర చెప్పునప్పుడు ఈ మాట సాధారణముగా వినబడదు.

అట్లని మరీ నల్లని అద్దము తగదు. పట్టపగలు దీపము వెలిగింపవలసివచ్చును. 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత ఇండ్ల కిటికీ అద్దములకు కనీసపు వెలుతురును సైతము నిర్ణయించినది.

కొత్త అద్దము కొనలేనివారు పడమటి కిటికీకి వెలుపల వెదురు తడక కట్టుకొనవచ్చును. సాయంకాలపు ఎండ వాలుగా వచ్చును గనుక చూరు చాలదు. లోపలి తెర అడ్డగించునది అప్పటికే గదిలో చొరబడిన వేడిని.