ఖాళీ కాలమ్‌ని తేలిగ్గా తీసుకోకండి

 

1959లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఈ వరంగల్ కళాశాల నుంచి పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది సాఫ్ట్‌వేర్ రంగంలోకి వెళ్తున్నారు. అక్కడ ప్రతి ప్రోగ్రామరూ రాసే ఒక చిన్న పరీక్ష గురించి మాట్లాడతాను. ఫారంలో పేరు కాలమ్ ఖాళీగా ఉందా, లేదా?

ఒక్క లైన్‌తో అయిపోయే పని అనిపిస్తుంది. కానీ ఖాళీల్లో రకాలున్నాయి. విలువే అందకపోతే నల్. అందినదాంట్లో ఒక్క అక్షరమూ లేకపోతే ఖాళీ స్ట్రింగ్. స్పేస్‌బార్ నొక్కి వదిలేస్తే కంటికి ఖాళీ, యంత్రానికి కాదు. జావా, పైథాన్ భాషలు వీటిని వేర్వేరుగా చూస్తాయి. ఒరాకిల్ డేటాబేస్ మాత్రం ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గానే లెక్కగడుతుంది. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ రిఫరెన్స్‌ను తెచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటని 2009లో చెప్పుకున్నారు.

మన తెలుగు సంగతే చూడండి. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగా టైపు చేయాలంటే ‘ట్’ తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. కాలమ్‌లో ఆ గుర్తొక్కటే మిగిలితే పైథాన్‌లో ఖాళీలను తొలగించే స్ట్రిప్ దాన్ని తీయదు, జావాలో ఖాళీయేనా అని చూసే ఇజ్‌బ్లాంక్ దాన్ని ఖాళీ అనదు. పోనీ అని అన్నిచోట్లా తుడిచేస్తే ‘ఫ’ కింద ‘ట’ వత్తుతోపాటు ‘వ’ వత్తు కూడా చేరి మాట రూపమే చెడుతుంది. అందుకే కనీసం ఒక్క అక్షరమైనా ఉందా అని విడిగా పరీక్షించాలి.

ఇక ఖాళీని తప్పుగా నింపితే ఏమవుతుందో చూడండి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ కాలమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఆ చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. ఆ మూడక్షరాలే కాలేజీల్లో, బ్యాంకుల్లో మన పిల్లల పేరుగా చలామణి అయిన సందర్భాలున్నాయి. వాళ్లకు పేరుంది. కానీ ఒంటి పేరున్న మనిషికి వీసా ఫారంలో చోటు లేదు.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇదే. ఖాళీ కనబడగానే మీకు తోచింది నింపకండి. మనిషి చెప్పలేదా, లేదని చెప్పారా, మన ప్రశ్నే తప్పా అని విచారించండి. ఆ తేడాను కోడ్‌లో రాయండి. మీ టెస్టు కేసుల్లో తెలుగు పేర్లు, ఒంటి పేర్లు తప్పకుండా పెట్టండి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో చదువుకున్నారు. ఆ ప్రజల్లో ఏ ఒక్కరినీ మీ ప్రోగ్రాం పేరు లేనివారిగా లెక్కగట్టకుండా చూడడం మీ బాధ్యత.