జుట్టుపోలిగాడికి సోఫా వేస్తే

ఈ ఎపిసోడ్ ఐర్లండులో మొదలవుతుంది. ఛానల్ మారిపోయిందేమో అని కంగారు పడకండి, ఓ పది నిమిషాల్లో మిమ్మల్ని రాజోలు తీసుకొచ్చేస్తాను.

మా అమ్మాయి డబ్లిన్‌లో చదువుకుంటోంది. మొన్నామధ్య రాత్రి భోజనం చేసి పడుకోబోతుంటే ఒక వీడియో పంపింది. "నాన్నా, ఇది చూడు, నువ్వు చెప్పే జుట్టుపోలిగాడు ఇక్కడ కూడా ఉన్నాడు" అని. తెరిచి చూశాను. ఒక పాత బంగళా హాలు. పరదాలు, దుమ్ము, సగ్గుబియ్యం రంగు గోడలు. అందులో రెండు ముసలి బొమ్మలు కూర్చున్నాయి. బట్టతలలు, పెద్ద పెద్ద చెవులు, చూస్తే చంటిపిల్లలు దడుచుకునే మొహాలు. వాటి ఎదురుగా ఒక సినిమా నటుడు, బతికున్న మనిషే, సూటూ బూటూ వేసుకుని కూర్చున్నాడు. ఆ బొమ్మలు అతన్ని ప్రశ్నలు అడుగుతున్నాయి. ఏం ప్రశ్నలంటారా? ఇక్కడ చెప్పేవి కావండి. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఈ వీడియో చూస్తారు.

ఆ ఇంగ్లీషు యాస నాకు సగమే అర్థమైంది. కానీ నవ్వు మాత్రం పూర్తిగా వచ్చింది. ఆ బొమ్మల పేర్లు పాడ్జ్, రాడ్జ్. కవల అన్నదమ్ములు. ఒకడు కుత్సితుడు, రెండోవాడు కాస్త మందమతి. వాళ్ళుండే బంగళా పేరు బాలీడంగ్ మేనర్. పల్లెటూరి పేర్ల ముందు "బాలీ" అని ఉండటం ఐర్లండులో మామూలు. దానికి "డంగ్" తగిలించారు. అంటే పేడ. మనవాళ్ళయితే "పేడపాలెం దివాణం" అని పెట్టేవారన్నమాట.

వీటిని తయారుచేసింది కియరాన్ మోరిసన్, మిక్ ఒహారా అని ఇద్దరు. 1987లో ఇదే జంట పిల్లల కార్యక్రమంలో జిగ్, జాగ్ అని రెండు బొమ్మల్ని ఆడించి ఐర్లండు పిల్లలందరికీ ఇష్టులైపోయారు. ఆ తర్వాత 1997 నుంచి ఈ ముసలి అన్నదమ్ముల్ని తెచ్చారు. మొదట్లో ఒకే మంచం మీద పడుకుని రాత్రిపూట భయంకర కథలు చెప్పుకునేవారు. 2006 జనవరిలో వాళ్ళకి సోఫా వేసి, ముఖాముఖి కార్యక్రమం చేశారు. పక్కన లూసీ కెనెడీ అనే ఆవిడ. మనిషే. బొమ్మలు ఆవిణ్ణి కూడా వదలవు. ఆవిడా ఊరుకోదు. అది 2010 దాకా నడిచింది, మళ్ళీ 2018లో కొత్త వ్యాఖ్యాతతో కొన్నాళ్ళు వచ్చింది.

ఇక్కడొక సంగతి గమనించండి. ఆ అతిథికి కోపం వస్తే ఎవరి మీద చూపించాలి? నురుగూ రబ్బరూ కలిపి చేసిన బొమ్మ మీదా? బొమ్మతో దెబ్బలాడితే వెర్రివాడయ్యేది మనిషే. బల్ల కింద చెయ్యి దూర్చి ఆడించేవాడు కనపడడు. అతను అన్నట్టూ కాదు, అననట్టూ కాదు. అందుకని పెద్ద పెద్దవాళ్ళు కూడా పళ్ళికిలించి నవ్వుతూ కూర్చుంటారు.

సరే, ఇక మనూరు వచ్చేద్దాం.

మన గోదావరి జిల్లాల వాళ్ళకి వెటకారం కొత్తగా నేర్పక్కర్లేదు. "ఏవండీ, బస్సు వెళ్ళిపోయిందాండీ" అని అడిగితే, "లేదండీ, మీకోసమే డ్రైవరు గారు కాఫీ తాగుతున్నారండీ" అంటాడు. అంత మర్యాదగా తిట్టే జనం ఇంకెక్కడా ఉండరు. కానీ మనం కూడా ఊరి పెద్ద మొహమ్మీద అనలేని మాటలుంటాయి కదా. వాటిని అనడానికి ఏడాదికోసారి మనుషులు బయటనుంచి వచ్చేవారు. తోలుబొమ్మలాటవాళ్ళు.

తెలియని పిల్లల కోసం చెబుతాను. మేకతోలుని పల్చగా, వెలుగు దూరేట్టు శుభ్రం చేసి, బొమ్మగా కత్తిరించి, చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. రాముడి లాంటి దేవుళ్ళ బొమ్మలకి వెనకటి రోజుల్లో జింకతోలు వాడేవారు. తెల్ల తెర కడతారు, వెనక దీపాలు పెడతారు. బొమ్మని తెరకి ఆనించి వెదురు పుల్లలతో ఆడిస్తారు. మన ఆంధ్ర బొమ్మలు చాలా పెద్దవి, మనిషెత్తు ఉండేవి కూడా ఉంటాయి. హార్మోనియం, మద్దెల, తాళాలు. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళకింద చెక్కలు పెట్టి దబదబా తొక్కుతారు. పిల్లలకి ఆ చప్పుడే సగం భయం. ఈ ఆట నిన్నమొన్నటిది కాదు, పాల్కురికి సోమనాథుడి కాలానికే ఉంది. ఆడేవాళ్ళు ఎక్కువమంది ఇంట్లో మరాఠీ కలిసిన భాష మాట్లాడుకునే కుటుంబాలు. మన వైపు కాకినాడ పక్కన మాధవపట్నంలో ఇలాంటి కుటుంబాలున్నాయి.

కథ రామాయణమో భారతమో. లక్ష్మణమూర్ఛ, సుందరకాండ, విరాటపర్వం. రాముడు ద్విపదలో మాట్లాడతాడు. రావణుడు కూడా పద్యమే. మధ్యలో ముగ్గురు ఊడిపడతారు. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు. వీళ్ళు మాత్రం మన వీధిలో భాష మాట్లాడతారు. వీళ్ళకి లంకతో పనిలేదు, అయోధ్యతో పనిలేదు. రావణుడి కొలువు మధ్యలో వచ్చి ఊళ్ళో కల్లు రేటు గురించి మాట్లాడుకుంటారు. జొనాథన్ గోల్డ్‌బర్గ్-బెల్ అనే అమెరికన్ ఈ ఆట మీద పరిశోధన చేసి, 1989లో వచ్చిన ఒక పుస్తకంలో వ్యాసం రాశాడు. ఆట పగ్గాలు విదూషకుల చేతిలో ఉంటాయన్నది దాని పేరులోనే ఉంది. ఆట చూసినవాడికి ఆ మాట నిజమని వెంటనే తెలుస్తుంది. జనం రాముడికి దణ్ణం పెట్టేవారు, జుట్టుపోలిగాడి కోసం మెలకువగా ఉండేవారు.

ఇప్పుడు నా సంగతి. ఇది ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదండి.

1984. రాజోలు దగ్గర మా ఊరు. సంక్రాంతి వెళ్ళిన వారం. అప్పటికి యానాం, ఎదుర్లంక మధ్య వంతెన లేదు, అది 2002లో వచ్చింది. బొమ్మలవాళ్ళు పెట్టెలతో సహా పంటు మీద గౌతమి దాటి, అమలాపురం మీదుగా మా ఊరు చేరేవారు. మధ్యాహ్నం రామాలయం దగ్గర తెర కట్టుకుంటూ, వచ్చినవాళ్ళతో పిచ్చాపాటీ మాట్లాడేవారు. మేం పిల్లలం అనుకునేవాళ్ళం, ఏదో కాలక్షేపం అని. తర్వాత తెలిసింది, సాయంత్రానికి సరుకు పోగేసుకుంటున్నారని.

మా నాన్నగారు ఊళ్ళో చౌకధరల దుకాణం డీలరు. మేళానికి ఇరవై రూపాయలు చందా రాసి, ముందువరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పక్కన చాప మీద నేను. రాత్రి పదకొండు దాటాక హనుమంతుడు సముద్రం దాటుతుండగా తెర ఓ మూల నుంచి జుట్టుపోలిగాడు వచ్చాడు.

"ఒసేయ్ బంగారక్కా, కిరసనాయిలు తెచ్చావంటే?"

"తెచ్చాను మావా."

"లీటరు తెమ్మంటే ముప్పాతికే ఉందేంటే?"

"నేను లీటరే పోయించుకున్నాను మావా. ఇంటికొచ్చేసరికి ఇంతే ఉంది."

"మరి ఆ పావూ ఎవడు తాగాడే?"

"డీలరు గారి బొటనవేలు తాగేసింది మావా. పాపం, దానికి దాహం ఎక్కువ."

మీకు అర్థమైందో లేదో. కొలత డబ్బాని పైనుంచి పట్టుకుని, బొటనవేలు లోపలికి ముంచి కొలిస్తే, వేలు పట్టినంత నూనె తగ్గుతుంది. ఆ వేలు సంగతి ఊరందరికీ తెలుసు. ఒక్కరూ పైకి అనలేదు. అంటే వచ్చే నెల కార్డుకి పంచదార అయిపోయేది కదా. ఆ రాత్రి మాత్రం రామాలయం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆడవాళ్ళు పమిట నోట్లో కుక్కుకుని నవ్వారు. నేనూ నవ్వాను, ఆ డీలరు మా నాన్నే అని ఒక క్షణం ఆలస్యంగా వెలిగింది. తలెత్తి చూస్తే ఆయనా నవ్వుతున్నారు. పాడ్జ్, రాడ్జ్ ముందు ఆ సినిమా నటుడు నవ్విన నవ్వు ఉంది చూశారూ, అచ్చం అదే. నలభై ఏళ్ళ తర్వాత ఆ వీడియోలో ఆ పళ్ళు చూశాక నాకు నిద్ర పట్టలేదండి.

మర్నాటి నుంచి దుకాణం దగ్గర "డీలరు గారూ, వేలికి కాసిని మంచినీళ్ళు పట్టించండి" అనడం మొదలెట్టారు. పిల్లలు కూడా. నెల తిరిగేసరికి నాన్నగారు డబ్బాకి కాడ చేయించారు. లీటరు లీటరే వచ్చింది. అర్జీలు, తనిఖీలు చెయ్యలేని పని ఓ మేకతోలు ముక్క చేసింది.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పడానికి ఇష్టపడని ముక్క. మరుసటి ఏడాది మేళంవాళ్ళు వచ్చేసరికి ఉత్సవ కమిటీలో నాన్నగారు ఉన్నారు. "ఈసారి వీడియో వేయిస్తున్నాం, బొమ్మలాట వద్దని చెప్పిరా" అని నన్ను పంపించారు. అప్పుడే వీసీఆర్ అద్దెకి తెచ్చి రాత్రికి మూడు సినిమాలు వేయించడం మొదలైంది. నాకు పన్నెండేళ్ళు. కాలవ గట్టు మీద పెట్టెలు దింపుకుని కూర్చున్నారు. చెప్పాను. బంగారక్కకి మాట ఇచ్చే ముసలామె నా మొహంలోకి చూసి, ఆ బంగారక్క గొంతుతోనే, "మీ నాన్నగారి బొటనవేలు కులాసాయేనా బాబూ?" అంది. మిగతావాళ్ళు నవ్వలేదు. పెట్టెలెత్తుకున్నారు.

వీడియోలూ టీవీలూ చంపేశాయి ఈ కళని అని అందరూ అంటాం. నేనూ అంటాను. మా ఊళ్ళో మాత్రం వీడియో ఒక సాకు. నాకు తెలుసు.

అలాగని అంతా బంగారమని చెప్పను. జుట్టుపోలిగాడు పెళ్ళాన్ని కొట్టడమే ఒక హాస్యం అందులో. కుంటివాళ్ళ మీద, కులాల మీద, నోరులేని వాళ్ళ మీద వేసే జోకులు కూడా ఉండేవి. పాత పాడ్జ్, రాడ్జ్ ముక్కలు కొన్ని ఇప్పుడు చూస్తే నాకే ఇబ్బందిగా ఉంది, ఆడవాళ్ళ గురించి అనే మాటలైతే మరీను. బొమ్మ ముసుగులో ఎవణ్ణయినా ఏమైనా అనొచ్చంటే నేను ఒప్పుకోను. డీలరుని అనడం వేరు, డీలరు దగ్గర నిలబడ్డవాణ్ణి అనడం వేరు.

కానీ ఇప్పుడేమైందో చూడండి. కొన్నేళ్ళ క్రితం అమలాపురంలో ఒక సభకి వెళ్ళాను. ఫలానా శాఖ అని చెప్పను. తోలుబొమ్మలాట అనగానే ఎగిరి గంతేసి వెళ్ళాను. ముప్పావుగంట ఆట. జుట్టుపోలిగాడు వచ్చాడు. మరుగుదొడ్డి కట్టుకోవాలన్నాడు. బంగారక్క చేతులు కడుక్కోవాలంది. ఇద్దరూ కలిసి నినాదం చెప్పారు. ముందువరసలో అధికారులున్నారు, ఒక్కరి మీద ఒక్క మాట పడలేదు. మరుగుదొడ్డి మంచిదే, కాదనను. దాని బిల్లు ఎన్నాళ్ళకొచ్చిందని పోలిగాడు ఒక్కసారి అడిగుంటే, హాలు లేచి నిలబడేది. ఆడించినవాళ్ళని తప్పు పట్టను. ఊరు పిలవడం మానేసింది, డబ్బులిచ్చేవాడు కాగితం మీద మాటలు రాసిచ్చాడు. పిల్లల కడుపులు నిండాలి కదా.

ఇక్కడే ఆ ఐర్లండు సంగతి నాకు గుచ్చుకుంది. పాడ్జ్, రాడ్జ్‌ని ప్రసారం చేసింది ఆర్‌టీఈ. అది ఏదో ప్రైవేటు ఛానల్ కాదు, వాళ్ళ దూరదర్శన్ లాంటిది. టీవీ ఉన్న ప్రతి ఇల్లూ కట్టే లైసెన్సు ఫీజు, దానికి తోడు ప్రకటనల డబ్బు. అంటే జనం సొమ్ముతో నడిచే సంస్థ, ఏళ్ళ తరబడి, రెండు నోటిదురుసు బొమ్మలకి కూడు పెట్టి, నోరు కట్టెయ్యకుండా ఉంచింది. మన దగ్గర కూడా సత్కారాలు జరుగుతున్నాయి. 2008లో ఆంధ్ర తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో అప్పటి అనంతపురం జిల్లా నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ఇచ్చారు. ఎంతో సంతోషం. అక్కడివాళ్ళు ఆ తోలుతోనే దీపాల డోములు చేసి అమ్ముకుని బతుకుతున్నారు. మా స్నేహితుడి ఇంట్లో ఒకటి ఉంది, హాలు మూలలో. బల్బు వెయ్యగానే హనుమంతుడు మెరుస్తాడు. బావుంటుంది. మాట్లాడడు.

ఇంకా బతికుందా ఆ నోరు అంటే, వేరే చోట్ల కనిపిస్తోంది. వీ6 ఛానల్లో బిత్తిరి సత్తి వెర్రిబాగులవాడి వేషంలో వచ్చి మాట్లాడినప్పుడు, ఇది మన పోలిగాడి వరసే అనిపించింది నాకు.

మొన్న మా అమ్మాయి ఫోన్లో అడిగింది, "తాతగారు ఆ తర్వాత ఎప్పుడైనా ఆ రాత్రి గురించి మాట్లాడారా" అని. ఒక్కసారి. ఆయన చివరి రోజుల్లో, రాజోలు ఆసుపత్రిలో. సెలైన్ ఎక్కిస్తున్నారు. సీసాలోంచి చుక్క చుక్క పడుతుంటే చాలాసేపు చూసి, "సరిగ్గా కొలిచారో లేదో చూడరా, నర్సమ్మ బొటనవేలు ఎక్కడుందో" అన్నారు. నేను నవ్వలేక నవ్వాను.

మీ ఊళ్ళో బొమ్మలాట చూసినవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉంటే, జుట్టుపోలిగాడు ఆ రాత్రి ఎవరిని అన్నాడో అడిగి చూడండి. ఉంటానండి మరి.