నీటికి ఎత్తు కట్టిన తోట: డీగ్ వేసవి మహళ్ల చరిత్ర



మాకు చరిత్ర చెప్పిన మాష్టారి పేరిట ఆయన కుటుంబసభ్యులు నెలకొల్పిన ధర్మనిధి ఉపన్యాసానికి నన్ను పిలవడం గౌరవంగా భావిస్తున్నాను. రాజుల వరుస వల్లె వేయిస్తే చరిత్ర పాఠం అయిపోయిందని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఏ కట్టడం గురించి చెప్పినా రాయి ఎక్కడిది, నీరు ఎక్కడిది, పని చేసిందెవరు అని మమ్మల్ని అడిగేవారు. ఆ మూడు ప్రశ్నలనే పట్టుకుని ఈ రోజు రాజస్థాన్‌లోని డీగ్ వేసవి మహళ్ల గురించి, వాటి నడుమ ఉన్న తోట గురించి మాట్లాడతాను.

భరత్‌పూర్‌కు ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, వ్రజభూమిలో ఉంది డీగ్. మొగలుల పట్టు సడలుతున్న కాలంలో ఇక్కడి జాట్ నాయకులు బలం పుంజుకున్నారు. 1722లో అధికారానికి వచ్చిన బదన్ సింగ్ డీగ్‌ను రాజధానిగా చేసుకున్నాడు. తరువాత అతని వారసుడు సూరజ్‌మల్ భరత్‌పూర్‌ను గట్టి కోటగా తీర్చిదిద్ది రాజధానిని అక్కడికి మార్చడంతో డీగ్ వేసవి విడిదిగా మారింది. నేడు మనం చూసే భవనాల్లో ఎక్కువ భాగం సూరజ్‌మల్ కాలానివే. 1763లో అతను యుద్ధంలో చనిపోయాక కొడుకు జవాహర్ సింగ్ ఆ పని కొనసాగించాడు.

ముందుగా రాయి సంగతి. భవనాలకు వాడింది బన్సీ పహాడ్‌పూర్ ఇసుకరాయి. సన్నని నగిషీకి లొంగే రాయి కనుకనే ఆ చూరులు అంత పలచగా, అంత ముందుకు చాచి ఉన్నాయి. అన్నిటిలోకీ పెద్దది గోపాల్ భవన్. తోటవైపు నిలబడి చూస్తే దాని అసలు ఎత్తు తెలియదు. వెనకవైపు కింది అంతస్తులు గోపాల్ సాగర్ చెరువులోకి దిగి ఉంటాయి. ఎండాకాలంలో చల్లగా ఉండే గదులవి. ఇరువైపులా వంపు తిరిగిన కప్పులతో సావన్, భాదో అనే మండపాలున్నాయి. శ్రావణ, భాద్రపద మాసాల పేర్లు పెట్టుకున్న ఆ రెండూ నీటి అంచునే నిలిచి ఉన్నాయి.

అయితే ఇక్కడున్న రాయంతా కొని తెచ్చింది కాదు. సూరజ్‌మల్ సేనలు 1753లో ఢిల్లీని దోచుకున్నాయి. జవాహర్ సింగ్ కూడా ఆ నగరంపై దండెత్తాడు. గోపాల్ భవన్ ముందున్న పాలరాతి ఊయల స్తంభాలు ఢిల్లీ నుంచి తెచ్చిన విజయచిహ్నమని చెబుతారు. ఆ పనితనాన్ని మెచ్చుకుంటూనే అది ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి.

ఇక నీరు. డీగ్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. తోట మొగలుల చార్‌బాగ్ పద్ధతిలో వేసింది. నడుమ ఎనిమిది కోణాల కొలను, దానినుంచి నాలుగు దిక్కులకూ కాలువలు, ఆ కాలువల్లో ఫౌంటెన్లు, చుట్టూ తోటవైపు తెరుచుకున్న భవనాలు. కశ్మీరులోని షాలిమార్, నిషాత్ తోటల్లో నీరు ఎత్తునుంచి తనంత తాను దిగుతుంది. నేలను మెట్లు మెట్లుగా మలిస్తే చాలు, మిగతా పని వాలు చూసుకుంటుంది. డీగ్ తోటకు ఆ వాలు లేదు. ఇటు గోపాల్ సాగర్, అటు రూప్ సాగర్ నిండుగా ఉన్నా ఆ నీరు నేలమట్టంలోనే ఉంటుంది. ఫౌంటెన్ ఎగరాలంటే నీటికి ఎత్తు కావాలి. ప్రకృతి ఇవ్వని ఆ ఎత్తును ఇక్కడ మనుషులే కట్టుకున్నారు.

తోటకు దక్షిణాన, కిషన్ భవన్‌ను ఆనుకుని, కప్పు ఎత్తున ఒక పెద్ద తొట్టి ఉంది. దాని గోడల్లో వరుసగా రంధ్రాలుంటాయి. అక్కడినుంచి బయలుదేరిన గొట్టాలు తోటలోని ఫౌంటెన్లకు చేరతాయి. ఉత్సవం రోజున పనివాళ్లు రంగుపొడిని గుడ్డలో మూటగట్టి ఆ రంధ్రాల్లో పెడతారు. బిరడా తీయగానే నీరు మూటను తడుపుకుంటూ కిందికి పరుగెత్తి, ఒకచోట ఎర్రగా, మరోచోట పచ్చగా పైకి చిమ్ముతుంది. తూర్పున రూప్ సాగర్ ఒడ్డునున్న కేశవ్ భవన్‌లో ఏకంగా వానాకాలాన్నే సృష్టించారు. లోపల చుట్టూ కాలువ, అందులో వందలాది సన్నని ధారలు, పైనుంచి జల్లు. కప్పులో రాతిగుండ్లు దొర్లి ఉరుము వినిపించేదని కూడా చెబుతారు. మే నెల వడగాడ్పులో శ్రావణాన్ని రప్పించాలన్నది ఆ కట్టడం వెనక ఉన్న కోరిక.

మరి ఆ తొట్టిని నింపిందెవరు? బావుల దగ్గర తోలు బొక్కెనలతో ఎద్దులు, వాటిని తోలిన మనుషులు. తెలంగాణలో మోట కొట్టినవారికి, సీమలో కపిల తోలినవారికి ఈ పని విడమరచి చెప్పనక్కర్లేదు. ఎద్దులు వాలు దారిలో దిగుతుంటే మోకు బిగిసి బొక్కెన పైకొస్తుంది, నీరు కుమ్మరించాక అవి వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగుతుంది. అలా రోజుల తరబడి నింపిన తొట్టి ఫౌంటెన్లు ఆడిన కొన్ని గంటల్లోనే ఖాళీ అయ్యేది. రాజు చూసింది ఆ కొన్ని గంటలనే. చరిత్ర రాసేవారు ఆ రోజులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1804 నవంబరులో డీగ్ దగ్గర మరాఠా పాలకుడు హోల్కర్ సేనలకూ ఈస్టిండియా కంపెనీ సేనలకూ యుద్ధం జరిగింది. డిసెంబరులో డీగ్ కోట కంపెనీ సేనాపతి జనరల్ లేక్ వశమైంది. ఆ తరువాత డీగ్ మళ్లీ భరత్‌పూర్ పాలకుల చేతికే వచ్చింది. రాజ్యాలు పోయినా ఉత్సవ సమయాల్లో ఇప్పటికీ అక్కడ రంగుల ఫౌంటెన్లను ఆడిస్తారు. ఇందులో నాకు కనిపించే పాఠం ఒకటే. గోడను కాపాడితే తోటను కాపాడినట్టు కాదు. ఏ రంధ్రం ఏ ఫౌంటెన్‌కు పోతుందో తెలిసిన మనిషి లేకపోతే అంత పెద్ద తొట్టీ ఉత్త గుంతే. ఆ తెలివి కూడా వారసత్వమే, దాన్ని కాగితం మీద పెట్టాలి.

ఈ పని మన దగ్గరా మిగిలే ఉంది. గోల్కొండలో పర్షియన్ చక్రాలతో నీటిని అంచెలంచెలుగా పైకెక్కించి మట్టిగొట్టాల ద్వారా పంచారు. ఆ గొట్టాల దారిని విద్యార్థులు కొలిచి, పటాలు గీసి, అందరికీ అందుబాటులో ఉంచాలి. ఊళ్లలో మోట కొట్టిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్ల దగ్గర కూర్చుని ఏ లోతునుంచి, ఎన్ని గంటలకు, ఎంత నీరు తోడేవారో అడిగి రాసుకోవాలి. ఈ ధర్మనిధి నుంచి ఏటా ఒక విద్యార్థికైనా అందుకు సాయం అందించమని నిర్వాహకులను కోరుతున్నాను. మాష్టారికి మనం ఇవ్వగల నివాళి అదేనని నా నమ్మకం.