పిల్లల బలము – పెద్దల ఓర్పు
(సంఘ వార్షిక సభలో గావించిన ప్రసంగము)



ఉద్యోగరీత్యా స్వస్థలములకు దూరముగా నివసించు మనకు పిల్లల చదువువలెనే వారి ఆటలును ముఖ్యమైనవి. ఆటలలో రాణించినవారికి కేంద్రప్రభుత్వ కొలువులలో క్రీడాకారుల కోటా కలదని మన యిండ్లలో నెరుగనివారు లేరు. ఆ యాశ మంచిదే. కాని దానివలన పుట్టు తొందర పిల్లల కీళ్లమీద పడుచున్నది. కావున ఎదిగెడు పిల్లలకు బలము నెట్లు అలవరుపవలెనో నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ విషయమున మనలో రెండు దురభిప్రాయములు కలవు. మొదటిది భయము. బరువులెత్తిన పిల్లలు పొట్టిగా నిలిచిపోవుదురని పలువురు తలంతురు. ఎముకల చివరలనుండు మృదులాస్థి పొరలయందే ఎముక పొడవు పెరుగును. ఆ పొరలు దెబ్బతినరాదనుట నిజము. అయితే తగిన శిక్షకుని యెదుట, సరియైన పద్ధతిలో చేసిన వ్యాయామమువలన ఎదుగుదల నిలిచినట్లు రుజువు లేదు. దూకి నేలను తాకునప్పుడు కాళ్లపై పడు తాకిడియే శరీరపు బరువునకు కొన్ని రెట్లుండును. అయినను పిల్లలను దూకవద్దని మనమనము గదా! 5 మొదలు 17 ఏండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములు శ్రమగల ఆటపాటలలో గడుపవలెననియు, వారమునకు కనీసము 3 దినములు కండరములను, ఎముకలను గట్టిపరచు పనులు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

రెండవది ఆత్రము. భయముకంటె నిదియే ప్రమాదకరము. యౌవనమునకు ముందు పిల్లలకు బలము వచ్చునది ముఖ్యముగా కండ పెరుగుటవలన గాదు. మెదడును నరములును కండరములచేత కూడి పనిచేయించుట నేర్చుటవలన. ఈ మార్పు కంటికి కనబడదు. కండ కనబడలేదని తండ్రి నిరాశ చెందును, శిక్షకుడు బరువు పెంచును, పిల్లవాని నడుము వంగును. గాయము అచ్చటనే మొదలగును.

ఆడపిల్లలకు సుమారు 12వ ఏట, మగపిల్లలకు సుమారు 14వ ఏట ఎత్తు వేగముగా పెరుగును. ఆ దినములలో నడక పరుగు కొంత తడబడును. మోకాలి క్రిందను, మడమయందును నొప్పులు తోచును. అప్పుడు దూకుళ్లను, పరుగు దూరమును తగ్గించుట వివేకము. ఒకే తరగతిలోని యిద్దరు బాలుర శరీరముల పరిపక్వతలో రెండు మూడేండ్ల తేడా యుండవచ్చును. ఒకరి కొలత రెండవవానికి పనికిరాదు.

ఇక పద్ధతి. మొదట తమ శరీరపు బరువుతోనే దండీలు, బస్కీలు చక్కగా నేర్వవలెను. తరువాత తేలికయైన కర్రతో ఎత్తు తీరును, ఆపై కొద్ది బరువును అభ్యసింపవలెను. వారమునకు 2 లేక 3 దినములు, నడుమ విశ్రాంతి దినముతో, 8 మొదలు 15 పర్యాయములు చాలును. 15 పర్యాయములు తీరు చెడకుండ చేసిననాడు నూటికి 5 మొదలు 10 వంతులు మాత్రమే పెంచవలెను. అనగా 20 కిలోలెత్తువానికి 1 లేక 2 కిలోలు. 13 మొదలు 18 ఏండ్లవారికి రాత్రి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. తెల్లవారుజామున మైదానము, రాత్రి ట్యూషను అనినచో ఆ నిద్ర యెక్కడిది?

శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి సుమారు 12వ ఏట బరువులెత్తుట ప్రారంభించినది. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యైనది. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో, 69 కిలోల తరగతిలో, స్నాచ్ యందు 110, క్లీన్ అండ్ జెర్క్ యందు 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యమును గెలిచి, ఒలింపిక్ పతకమందిన తొలి భారతీయ మహిళ యైనది. అప్పటికామె వయస్సు 25 ఏండ్లు. మనము పతకమును చూతుము. దాని వెనుకనున్న 13 ఏండ్లను చూడము.

మన కుటుంబములకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. తండ్రికి బదిలీ యైనచో పిల్లవానికి శిక్షకుడును మారును. క్రొత్త శిక్షకునికి పాత కొలతలు తెలియవు. తన యితర శిష్యులతో సమముగా బరువు నెత్తించును. ప్రభుత్వము మనకొక సర్వీసు పుస్తకము నుంచినది గదా! ఆడెడు ప్రతి బిడ్డకును అట్టి పుస్తకమొకటి యుంచుడు. నెలనెల ఎత్తు, ఎత్తిన బరువు, పర్యాయములు, తగిలిన దెబ్బలు, కలిగిన నొప్పులు అందు వ్రాయుడు. బదిలీ యుత్తరువుతోపాటు దానినికూడ తీసికొనిపోవుడు.

శిక్షకులకొక్క మనవి. వెనుకటి తాలింఖానాలలో వస్తాదు మాటకు ఎదురుండెడిది కాదు. నేటి శిక్షకునికిని ఆ గౌరవము దక్కవలెను. కాని కీలు నొప్పియనిన బిడ్డను పిరికివాడనరాదు. కండరముల అలసట రెండు దినములలో తీరును. కీలునొప్పి, నడుము నొప్పి నిలిచియున్నచో బరువు దింపించి వైద్యునికి చూపవలెను. నేడు ఆపిన ఆటను రేపు ఆడవచ్చును. చెడిన మోకాలిని మరల తెచ్చుట కష్టము.

కోటాలో కొలువు కొందరికే దక్కును. బలమైన శరీరము మాత్రము ప్రతి బిడ్డకును దక్కదగినది. మన తొందరవలన దానిని పోగొట్టకుందుముగాక.