పనిపాటల నడుమ డిగ్రీ చదువు
(చోడవరమున పంచాయతీ సభ్యుల సమక్షమున గావించిన ప్రసంగపాఠము)



పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరము ప్రాంతమున డిగ్రీ చదువువారు రెండు విధములుగా నున్నారు. కొందరు ప్రతిదినము కళాశాలకు పోయి చదువుదురు. మరికొందరు పగలు చెరకు తోటలోనో, దుకాణములోనో, ఇంటిపనిలోనో గడపి, రాత్రివేళ పుస్తకము పట్టుదురు. “కళాశాల మెట్లెక్కనివారి చదువు కూడ చదువేనా?” అని అడుగువారు నేటికిని గలరు.

ఆ సందేహమునకు తావులేదు. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోనే కరస్పాండెన్సు కోర్సుల విద్యాలయమును నెలకొల్పినది. 1982లో నాటి ఉమ్మడి రాష్ట్రమున వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున అటువంటి వానిలో మొదటిది. ఇంటర్మీడియెటు చదువనివారు సైతము ప్రవేశపరీక్షలో నెగ్గి డిగ్రీలో చేరుటకు అది త్రోవ చూపెను. గుర్తింపుగల సంస్థ దూరవిద్య ద్వారా ఒసగు డిగ్రీ కళాశాల డిగ్రీతో సమానమేనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో స్పష్టపరచినది. అయితే చేరుటకు ముందే ఆ సంస్థకును, ఆ కోర్సునకును గుర్తింపు కలదో లేదో విచారించుకొనవలెను.

పట్టా సమానమే గాని ప్రయాణము సమానము కాదు. కళాశాల విద్యార్థికి వేళ ప్రకారము పాఠములు, సందేహము తీర్చు అధ్యాపకులు, తోడుగా సహాధ్యాయులు ఉందురు. పనిచేయుచు చదువువాడు ఒంటరి. గానుగాట రోజులలో అతడు పుస్తకము తెరచుటయే అరుదు. చంటిబిడ్డ గల ఇల్లాలికి ఏడాది పొడుగునా అదే స్థితి. పెద్దవయసున చేరినవారికి పట్టుదల మెండు. చదువు ఎందులకో వారికి తెలియును. వారికి కొరవడునది బుద్ధి కాదు, తీరిక. ఒక పరీక్ష తప్పినంతనే అధైర్యపడి మానుకొన్నచో పట్టా చేతికి రాదు, ఖర్చు మాత్రము మిగులును.

ఇచ్చట పంచాయతీ చేయగల పని కలదు. సాయంకాలము మూతబడు పంచాయతీ కార్యాలయమున ఒక గదిని, దీపము, బల్లలు అమర్చి, వీరికొరకు తెరచియుంచవచ్చును. స్త్రీలకు అనువైన వేళను వేరుగా నిర్ణయించవచ్చును. ఊరిలోని ఉపాధ్యాయులను, పట్టభద్రులను వారమునకొక పూట వచ్చి సందేహములు తీర్చుడని కోరవచ్చును. ప్రవేశములకు, పరీక్ష రుసుములకు గడువు తేదీలను నోటీసు బల్లపై వ్రాయించి టముకు వేయించవచ్చును. 1960 నాటి ప్రజా గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున వసూలగు గ్రంథాలయ సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున జమచేసి, మన ఊరికి కావలసిన పుస్తకముల జాబితాను పంపవచ్చును. పరీక్షల దినములలో పనివంతులు మార్చుకొను ఏర్పాటునకు రైతులను ఒప్పించుట మీకే సాధ్యము.

ఏటేట ఎందరు చేరిరో అందరును చెప్పుదురు. మీ పంచాయతీ పుస్తకమున మాత్రము ఎందరు ముగించిరో ఆ లెక్క వ్రాసియుంచుడని మా మనవి.