జినాన్ బల్బు ఒక్కటే మారిస్తే ఏమైతది?

రాత్రిపూట ఎర్రవల్లి నుంచి గద్వాలకో, పెబ్బేరు నుంచి వనపర్తికో బైక్ మీద పోయినోళ్లకు తెలుసు. ఎదురుగా తెల్లలైటు కొడితే రెండు సెకన్లు రోడ్డే కనపడదు. 60 స్పీడులో ఉంటే అప్పటికే 33 మీటర్లు గుడ్డిగా పోయినట్టే!

తప్పు జినాన్‌ది కాదు, బిగించిన తీరుది. హాలోజన్ రిఫ్లెక్టర్‌ను చిన్న ఫిలమెంట్ ఉండే చోటును బట్టి చేస్తరు. దాంట్లో జినాన్ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లల్ల పడతది.

అమెరికా, దుబాయ్ కోసం చేసిన లైట్లయితే ఇంకో చిక్కు. అక్కడ బండ్లు కుడిపక్క నడుస్తయి, లైటు కూడా కుడికే ఎక్కువ కొడతది. మనకేమో ఎదురుబండి వచ్చేదే కుడిపక్క!

అందుకే మార్చాల్సి వస్తే, మన రోడ్లకు చేసిన మొత్తం హెడ్‌లైట్ సెట్టే మార్చండి. కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

ఈ రాత్రే గోడ ముందు బండి ఆపి డిప్ వేసి చూడండి. వెలుగు పై అంచు గీత గీసినట్టు లేదంటే మెకానిక్‌కు చూపించండి. మీది నాగర్‌కర్నూలైనా, గద్వాలైనా, ఏం కనిపించిందో కామెంట్లో చెప్పండి. ఉంటా మరి!