మూత్రపిండములు, రక్తపోటు, రెనిన్ మాత్ర
(ధరణికోటలో సంఘ కుటుంబముల కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నన్ను మాటలాడుమని కోరినది బి.పి. మాత్రలను గూర్చి. అయ్యగారికి ఈ పని ఏల అని కొందరు అనుకొనవచ్చును. రోగుల యిండ్లకు ప్రార్థనకు వెళ్లునప్పుడు మంచము ప్రక్కన వ్రేలాడు మందుల సంచి నా కంటబడుచునే యుండును. అక్కడ తరచుగా వినుమాట ఒకటున్నది: "అయ్యగారూ, బి.పి. బిళ్ళలు వేసుకుంటే కిడ్నీలు పోతాయంట గదా?" ఈ మాట నమ్మి మాత్రలు మానినవారు మన పల్లెలలో ఉన్నారు. మానిన తరువాత పక్షవాతముతో మంచము పట్టినవారును ఉన్నారు. ఆ మాటలో పిసరంత నిజమున్నది, కొండంత అబద్ధమున్నది. రెంటిని వేరుచేసి చెప్పవలెనన్నదే నా కోరిక. నేను వైద్యుడను కాను. వైద్యులు వ్రాసినది చదివి, అడిగి తెలిసికొన్నదే చెప్పుచున్నాను.

మన దేహములో రెండు మూత్రపిండములు గలవు. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలున్నవి. దినమునకు 180 లీటర్ల నీరు వాటిగుండా వడబోయబడి, తిరిగి రక్తములోనికే పోయి, లీటరున్నర మాత్రమే మూత్రముగా వెలుపలికి వచ్చును. (వేదాంత కళాశాలలో చదివినవాడను గనుక ఒక మాట చెప్పనిండు. లేవీయకాండములో బలిపశువు యొక్క "మూత్రగ్రంథులు" అని మనము చదువునదియు, కీర్తనలలో "అంతరింద్రియములు" అని చదువునదియు హెబ్రీలో ఒకే మాట. మనుష్యుని లోతైన తలంపులకు మూత్రపిండములనే పీఠముగా ఆ కాలమువారు ఎంచిరి.)

ఈ మూత్రపిండము కాలువ చివరి భూముల రైతువంటిది. సాగరు కాలువ క్రింద వ్యవసాయము చేసినవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు. తన చేనికి నీరందనియెడల చివరి రైతు పైకి కబురు పంపును గదా. మూత్రపిండము పంపు కబురు పేరు రెనిన్. రక్తము తగ్గినను, ఉప్పు తగ్గినను, పోటు తగ్గినను అది రెనిన్‌ను రక్తములోనికి విడిచిపెట్టును. కాలేయము తయారుచేసిన ఒక మాంసకృత్తును రెనిన్ తునకచేయును. ఆ తునకను, ముఖ్యముగా ఊపిరితిత్తులలో నుండు ఏ.సి.ఇ. అను మరియొక పదార్థము ఇంకను కత్తిరించగా యాంజియోటెన్సిన్ అనునది పుట్టును. రక్తనాళములను బిగించునది ఇదే. ఉప్పును నీటిని దేహములో నిలువచేయించునదియు ఇదే. పోటు పెరుగును, చివరి చేనికి నీరందును. దెబ్బతగిలి రక్తము కారినప్పుడు, వాంతులు విరేచనములతో దేహము ఎండినప్పుడు మనము బ్రతికి యుండుట ఈ కబురు వలననే.

చిక్కు ఎక్కడ వచ్చునంటే, కాలువ నిండుగా పారుచుండగానే చివరి పిల్లకాలువ పూడుకొనిపోయినప్పుడు. రైతు అరచుట మానడు, పైవారు నీరు వదలుట మానరు, నడుమనున్న గట్లు తెగును. 1934లో అమెరికాలో హేరీ గోల్డ్‌బ్లాట్ అను వైద్యుడు కుక్కల మూత్రపిండములకు పోవు రక్తనాళమును కొంచెము నొక్కిపట్టి, పోటు పెరుగుట చూపించెను. రెనిన్‌ను కనుగొన్నది అంతకు ముందే. 1898లో స్వీడన్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అను ఇద్దరు కుందేలు మూత్రపిండపు రసమును మరియొక కుందేలుకు ఎక్కించి, పోటు పెరుగుట చూచి, ఆ పేరు పెట్టిరి. మన గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు స్త్రీల కొరకు ఆసుపత్రి కట్టించినదియు ఆ పదేండ్లలోనే. అటు తరువాత నలుబది ఏండ్లవరకు రెనిన్ మాట పట్టించుకొన్నవారు బహు కొద్దిమంది.

ఈ కబురును ఆపుటకు మూడు తూములున్నవి. ఏ.సి.ఇ. దగ్గర ఆపునవి ఎనలాప్రిల్, రామిప్రిల్ మొదలైనవి. చిట్టచివర, యాంజియోటెన్సిన్ నాళమును పట్టుకొను చోట ఆపునవి లోసార్టాన్, టెల్మిసార్టాన్. మన మందుల దుకాణములలో దొరకు మాత్రలలో ఎక్కువ భాగము ఈ రెండు తెగలవే. ఇవి పోటును తగ్గించుటయే గాక, షుగరు జబ్బువలన మూత్రములో ఆల్బుమిన్ పోవువారి మూత్రపిండములను కాపాడునవి. 2001లో ప్రకటించిన ఒక పరిశోధనలో అట్టి రోగులు 1513 మందిని చూడగా, లోసార్టాన్ వాడినవారిలో మూత్రపిండములు పూర్తిగా చెడిపోవుట నాలుగవ వంతుకు పైగా తగ్గినది. కాబట్టి మాత్రవలన కిడ్నీలు పోవునను మాటకు ఇదే జవాబు. మందులేని పోటే మూత్రపిండమును తినివేయుచున్నది.

అయితే క్రింది తూము మూసినప్పుడు ఒకటి జరుగును. కబురు చేరలేదని మూత్రపిండము మరింత రెనిన్‌ను పంపును. అందుచేత మొదటి తూమునే, రెనిన్‌నే ఆపినయెడల ఎంత బాగుండును అని శాస్త్రజ్ఞులు తలంచిరి. అట్టి మాత్ర చేయుటకు చాల ఏండ్లు పట్టినది. చివరకు 2007లో అమెరికాలో అలిస్కిరెన్ అను మాత్రకు అనుమతి వచ్చినది. దినమునకు ఒకటి, 150 లేక 300 మిల్లీగ్రాములు. పోటును మిగిలినవాటివలెనే చక్కగా తగ్గించినది. 2008లో సుమారు 600 మంది షుగరు రోగులకు లోసార్టాన్‌తో పాటు దీనినిచ్చి ఆరు నెలలు చూడగా, మూత్రములో పోవు ఆల్బుమిన్ ఇంకను 20 శాతము తగ్గినది. అందరు సంతోషించిరి.

ఆ సంతోషము నిలువలేదు. ఆల్టిట్యూడ్ అను పేరుతో 8561 మంది షుగరు రోగులమీద పెద్ద పరిశోధన జరిగినది. వీరందరు మూత్రపిండముల జబ్బో గుండెజబ్బో ఉండి, అప్పటికే ప్రిల్ గాని సార్టాన్ గాని వాడుచున్నవారు. సగము మందికి అలిస్కిరెన్ కలిపిరి, సగము మందికి ఉత్తుత్తి మాత్ర కలిపిరి. మేలు కనబడక కీడు కనబడుచున్నందున 2011 డిసెంబరులో దానిని గడువుకు ముందే నిలిపివేసిరి. రక్తములో పొటాషియం ప్రమాదకరముగా పెరిగినవారు ఉత్తుత్తి మాత్రవారిలో 7.2 శాతము, అలిస్కిరెన్ వారిలో 11.2 శాతము. పోటు మరీ పడిపోయినవారు 8.3 శాతమునకు 12.1 శాతము. గుండె, మూత్రపిండముల కీడులను కలిపి లెక్కించగా ఏమియు తగ్గలేదు. విచిత్రమేమనగా, ఆల్బుమిన్ మాత్రము ఇక్కడను తగ్గినది! పరీక్ష కాగితము మీది అంకె బాగుపడినది, మనిషి బాగుపడలేదు. 2012లో అమెరికా మందుల శాఖ షుగరు రోగులకు ఈ కలయిక ఇవ్వరాదని ఆజ్ఞాపించినది. ప్రిల్‌ను సార్టాన్‌ను కలిపి ఇచ్చిన ఆన్‌టార్గెట్ పరిశోధన కూడ 2008లో ఇదే చూపినది: పోటు కొంచెము ఎక్కువ తగ్గినది గాని, మూత్రపిండములు దెబ్బతినుట పెరిగినది.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. జల్లెడలోనికి రక్తము వచ్చు నాళమొకటి, పోవు నాళమొకటి. పోవు నాళమును యాంజియోటెన్సిన్ బిగించి, జల్లెడలో ఒత్తిడి నిలుపును. ఒక తూము మూసినప్పుడు ఆ ఒత్తిడి మితముగా తగ్గి, జల్లెడకు విశ్రాంతి దొరకును. అందుకే మాత్ర మొదలుపెట్టిన తొలి వారములలో రక్తములో క్రియాటినిన్ కొంచెము పెరుగవచ్చును. 30 శాతము లోపు పెరిగినయెడల వైద్యులు సాధారణముగా మాత్ర ఆపరు. మీరును భయపడి మానవద్దు. రెండు తూములు ఒక్కసారి మూసినప్పుడు, వేసవిలో దేహము ఎండిపోయినయెడల, మూత్రపిండము తన్ను తాను కాపాడుకొనలేదు. పొటాషియం బయటకు పోవు దారియు మూసికొనును. అది హెచ్చినయెడల గుండె ఆగవచ్చును.

అలిస్కిరెన్ మన పల్లెలలో ఎవరు వాడుచున్నారని మీరడుగవచ్చును. దానిని చూచినవారు అరుదే. కాని రెండు తూములు మూసికొన్నవారు ఉన్నారు. నర్సరావుపేటలో ఒక డాక్టరు వ్రాసిన చీటీ, గుంటూరులో మరియొకరు వ్రాసిన చీటీ, మొదటి సంగతి రెండవవారికి చెప్పకపోవుట, రెండు షీట్లు ఒకే సంచిలో చేరుట. ఇది డాక్టర్ల తప్పు అని నేననను, సంచి చూపింపనిది మనము. షీటు మీది పేరు చిన్నబిడ్డల చేత చదివించండి. "ప్రిల్" అని ముగియునది ఒకటి, "సార్టాన్" అని ముగియునది ఒకటి, రెండును ఉన్నయెడల, ఏదియు మీయంతట మానక, రెండు షీట్లను డాక్టరు ముందు పెట్టండి. "కిరెన్" కూడ ఆ లెక్కలోనిదే.

ఇంకను కొన్ని. మిరపకోతల కాలములో నడుము నొప్పులకు ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర నొప్పుల సూదియో డైక్లోఫెనాక్ బిళ్ళయో తీసికొనుట మన ప్రాంతమున సామాన్యము. ఈ బి.పి. మాత్రతోను, నీరు పోవు మాత్రతోను అది కలిసినయెడల మూత్రపిండమునకు ముప్పు. వాంతులు, విరేచనములు పట్టినప్పుడు ఈ మాత్రలు కొన్ని దినములు ఆపవలెనేమో డాక్టరును అడుగవలెను. గర్భవతులకు ఈ మూడు తెగలును నిషిద్ధము, కడుపులోని బిడ్డ మూత్రపిండములు చెడును. కొబ్బరినీళ్ళు మంచివే గాని వాటిలో పొటాషియం మెండు. మూత్రపిండము నీరసించినవారు డాక్టరును అడిగి త్రాగవలెను. బి.పి. వారికని అమ్ము ఉప్పులలో కొన్నిటియందు సోడియం తగ్గించి పొటాషియం చేర్చుదురు. అట్టివారికి అదియు తగదు.

ఉద్దానము సంగతి కూడ మీరు విందురు. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో ఎందరో మూత్రపిండముల జబ్బుతో బాధపడుచున్నారు. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రము తెరచిరి. ఆ జబ్బుకు కారణము ఇదియని ఇంకను తేలలేదు. దానిని బి.పి. మాత్రలు తెచ్చినవని చెప్పుట మాత్రము అన్యాయము. అక్కడి రోగులలో అనేకులకు షుగరు లేదు, మూత్రములో ఆల్బుమిన్ స్వల్పము. కాబట్టి షుగరు రోగులలో లోసార్టాన్ చేసిన మేలు అక్కడను అంతే చేయునని అనుకొనుటకును వీలులేదు.

మాత్ర మొదలుపెట్టిన ఒకటి రెండు వారములలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకొనండి. తరువాత ఎన్నాళ్ళకొకసారి అన్నది డాక్టరు చెప్పును. ఆవకాయ మానలేనివారు ముద్దకు ముద్దకు నంజుకొనుటయైనను మానవలెను. దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఒక చెంచాడు. కూరలో వేసినదియు, పచ్చడిలో ఉన్నదియు ఆ చెంచాలోనివే.